చూద్దాం పెట్టె

హైమావతికి కామెంట్లంటే విరక్తి పుట్టి చాలా ఏళ్ళయింది. కోపం కాదు. కోపమైతే ఒక పూట ఉండి చల్లారుతుంది. ఇది పొద్దున్న లేవగానే ఒంటిని పట్టుకుని పడుకునేదాకా వదలని నీరసం.

ఇరవై రెండేళ్ళ కిందట, తెలుగు బ్లాగులన్నీ ఒక్కచోట కనిపించేలా 'పందిరి' అనే సైటు మొదలుపెట్టింది ఆవిడే. అప్పుడు బ్లాగులు నూట పది. రాసేవాళ్ళకి ఒకరి పిల్లల పేర్లు ఒకరికి తెలుసు. ఇప్పుడు ఎనభై వేల పైమాటే. బ్లాగులో రాసిన ఏ టపా కింద ఎవరు కామెంటు పెట్టినా అది ముందు పందిరికి వస్తుంది. అక్కడ ఎవరో ఒకరు చదివి, ఉంచడమో తీసెయ్యడమో చెయ్యాలి. సాయానికి వచ్చినవాళ్ళు ఆర్నెల్లకొకరు, ఏడాదికొకరు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. కుర్చీలో మిగిలింది హైమావతి.

ఏం చదివేదో చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. గుత్తివంకాయ కూర మీద ఎవరో రాసిన టపా కింద ఏడో కామెంటుకల్లా కులం వచ్చేది. పదో కామెంటుకల్లా 'అజ్ఞాత' అనే ముసుగులో ఒకడు దిగి, రాసినావిడ పెంపకం గురించి మాట్లాడేవాడు. ఏ జిల్లా తెలుగు అసలైన తెలుగు అన్న తగువు ఒకే వారంలో నలభై బ్లాగుల్లో నడిచేది. ఈ బ్లాగులో తేలిపోయిన సంగతి ఆ బ్లాగువాళ్ళకి తెలియదు కాబట్టి మళ్ళీ మొదటికి వచ్చేవారు. హైమావతికి నలభై చోట్లా తెలుసు. నలభై చోట్లా చదవాల్సింది ఆవిడే కదా.

విశాఖపట్నంలో సీతమ్మధార కొండవాలులో ఉన్న భాషాయంత్ర పరిశోధన కేంద్రం నుంచి జెర్మియా అనే ఇంజినీరు ఆవిడని వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ నీరసమే.

"ఈ మాటా ఆ మాటా ఒకటేనా అని చెప్పే యంత్రాలు బోల్డున్నాయి మేడమ్," అన్నాడతను మొదటిరోజు. "ఇది ఇంక అక్కర్లేని మాట అని చెప్పే యంత్రం మటుకు లేదు. మీరు చెప్పగలరు. ఎలా చెప్తున్నారో అదే నాకు కావాలి."

"నాకేం తెలుసు బాబూ. చదువుతుంటే ఒకచోట ఇంక చాలు అనిపిస్తుంది. తీసేస్తాను."

"ఆ చాలు ఉంది చూసేరా, అదే కావాలి."

ఆవిడ ఎడమచేతి మణికట్టుకి ఒక మెత్తటి పట్టీ కట్టాడు. ఆవిడ పనిచేసే తెర మీద, కళ్ళని గమనించే చిన్న కెమెరా అమర్చాడు. నాడి ఎలా కొట్టుకుంటోంది, చర్మం ఎప్పుడు చెమరుస్తోంది, కంటిపాప ఎప్పుడు ముడుచుకుంటోంది, అన్నీ మూడేళ్ళపాటు యంత్రం రాసుకుంది. మనిషి బుద్ధి చాలు అనుకోవడానికి ముప్పావు సెకను ముందే ఒళ్ళు చాలు అనుకుంటుందని తేలింది. ముందు విసుగు, తరవాత నిర్ణయం, ఆ తరవాత వేలు. యంత్రం నేర్చుకున్నది ఆ మొదటిదాన్ని. పాత ఇరవై ఏళ్ళ నిర్ణయాలు కూడా ఆవిడ చేత సంతకం పెట్టించుకుని దానికే తినిపించారు.

ఇక అది చేసే పని చెప్పడం తేలిక. ఎనభై వేల బ్లాగుల్లో ఒకే సంగతి మీద జరుగుతున్న చర్చలన్నిటినీ ఒక్క దారానికి గుచ్చుతుంది. కొత్త మాటైతే ముందుకు తెస్తుంది. హైమావతికి విసుగు పుట్టించే మాటైతే ఆవిడ దాకా రాకుండానే పక్కకి తీసేస్తుంది.

"తీసేసినట్టు వాళ్ళకి చెప్పాలి కదా మేడమ్?" అని జెర్మియా అడిగాడు.

"మొహం మీద కాదంటే నొచ్చుకుంటారు జెర్మియా. మన ఇళ్ళల్లో ఎవరైనా అడగరానిది అడిగితే ఏమంటాం? చూద్దాంలెండి అంటాం. వాళ్ళూ తృప్తిగా వెళ్తారు, మనమూ మర్చిపోతాం."

అలాగే చేశారు. కామెంటు రాసినవాడికి తన కామెంటు ఎప్పటిలాగే టపా కింద కనిపిస్తుంది. ఇంకెవరికీ కనిపించదు. అలా పక్కకి పోయినవన్నీ చేరే చోటుకి 'చూద్దాం పెట్టె' అని జెర్మియా నవ్వుతూ పేరు పెట్టాడు. అందులోకి చూసేవాళ్ళెవరూ లేరు. ఆ మాటకొస్తే మన ఇళ్ళల్లోనూ ఉండరు.

యంత్రానికి మటుకు పేరు పెట్టింది హైమావతి అక్క కనకరత్నం.

మర్రిపాలెంలో రెండు గదుల ఫ్లాటులో అక్కాచెల్లెళ్ళిద్దరే ఉంటారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, అంత గొప్ప కథ కూడా కాదు. కనకరత్నం వాతావరణ శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు అబ్జర్వరుగా చేసింది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి వానమాపకంలో నీళ్ళు ఎంత పడ్డాయో చూసి, మిల్లీమీటర్లలో రాయడం ఆవిడ ఉద్యోగం. రిటైరైన రెండో ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట, రెండూ పోయాయి. చిన్నపిల్లలు గీసుకునే చెరిపే పలక ఒకటి కొనిపెట్టింది హైమావతి. ఎడమచేత్తో దాని మీద రాసి చూపిస్తుంది. యంత్రం సంగతి విని ఆవిడ రాసిన ఒకే ఒక్క మాట, 'తెరపి'. ఎడతెగని ముసురు కాసేపు ఆగితే అనే మాట అది. జెర్మియాకి తెగ నచ్చింది.

మాట పోయాక కనకరత్నానికి బ్లాగులు దొరికాయి. ఫోనులో ఒక్క వేలితో టైపు చెయ్యొచ్చు, ఎంతసేపు పట్టినా అవతలివాళ్ళకి తెలియదు. ఆవకాయ మీద టపా అయినా, అసెంబ్లీ మీద టపా అయినా ఆవిడ కామెంటు ఒక్కటే: "బాగుంది. మీ వైపు వాన పడిందా?" మొదట్లో కొందరు నవ్వుకున్నారు. తరవాత జవాబులు రావడం మొదలైంది. నర్సంపేట నుంచి ఒకరు, పలాస నుంచి ఒకరు, దుబాయిలో మేస్త్రీ పనికి వెళ్ళిన ఒకాయన. కనకరత్నం వాటిని పొడుగాటి పుస్తకంలో గడులు గీసి రాసుకునేది. ఊరు, తేదీ, వాన. మిల్లీమీటర్లు తెలియనివాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసేది: జల్లు, బట్టలు తడిసేంత, దంచికొట్టింది. బ్లాగులోకంలో ఆవిడకి 'వానక్క' అనే పేరు స్థిరపడిపోయింది. తనకి మాట రాదన్న సంగతి అడిగినవాళ్ళకి చెప్పేది.

హైమావతికి మాత్రం ఆ ప్రశ్న రెండు వైపుల నుంచీ వచ్చేది. కుర్చీలో కూచుంటే తెర మీద, అన్నానికి కూచుంటే పలక మీద. కిటికీ అద్దాల మీద వాన ధారలు కడుతుంటే కూడా అక్క పలక ఎత్తి, వాన పడిందా, నువ్వు వచ్చే దారిలో? అని చూపించేది. "కనపడట్లేదా అక్కా?" అనేది హైమావతి. పట్టీ చేతికే ఉండేది. భోజనాల బల్ల దగ్గర కూడా పని ఆగేది కాదు కాబట్టి పట్టీ తియ్యడం ఎప్పుడూ తట్టలేదు.

జూన్ ఒకటిన తెరపిని పందిరికి తగిలించారు.

వారం తిరిగేసరికి తగువులు ఆగిపోయాయి. నిజంగానే ముసురు ఆగినట్టు అయింది. చర్చలు పొట్టిగా, పొందికగా, చదవబుద్ధయ్యేలా తయారయ్యాయి. చీరాల నుంచి షాహీన్ అనే అమ్మాయి కథలు రాస్తుంది, తన విడాకుల గురించి కూడా రాసింది. ఆమె ఏ టపా పెట్టినా కింద అజ్ఞాతలు మూగి నానా మాటలూ అనేవారు. ఆ అమ్మాయి ఉత్తరం రాసింది: "మేడమ్, నెల రోజులుగా నా బ్లాగు నేనే ధైర్యంగా తెరుస్తున్నాను. మీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు." ఆ ఉత్తరం ప్రింటు తీసి జెర్మియా తన బల్ల మీద అంటించుకున్నాడు. మూడేళ్ళు పెళ్ళాం చేత మాటలు పడుతూ చేసిన పనికి అతనికి దక్కిన పతకం అదే.

హైమావతికి ఏళ్ళ తరవాత ఖాళీ దొరికింది. ఏం చెయ్యాలో తెలియక నిద్రపోయింది. ఎంత పడుకున్నా నీరసం తీరలేదు, అది వేరే సంగతి. వానాకాలమంతా అలాగే గడిచింది. నవంబరు వచ్చేసరికి పరిశోధన కేంద్రం డైరెక్టరు గారు తెరపిని ఇంకో ఆరు భాషలకి ఇస్తామని మాట ఇచ్చేశారు. దానికి హైమావతి మళ్ళీ ఒక సంతకం పెట్టాలి. ఆవిడ విసుగు ఆరు భాషలవాళ్ళూ వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు. కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది, ఐదో తారీఖు పొద్దున్న సంతకం పెట్టి పట్టుకెళ్ళచ్చని.

ఆ పొద్దున్నే కనకరత్నం పొడుగాటి పుస్తకం తెచ్చి చెల్లెలి కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

హైమావతి పేజీలు తిప్పింది. మే ఆఖరుదాకా గడులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. జూన్ నుంచి తేదీలు మాత్రం ఉన్నాయి. రోజూ తేదీ వేసింది, ఊళ్ళ పేర్లు వేసింది, పక్క గడి ఖాళీ. జులై ఖాళీ. ఆగస్టు ఖాళీ. అన్ని నెలలూ వంకరటింకర ఎడమచేతి తేదీలే.

అక్క పలక మీద నెమ్మదిగా రాసింది: "నేనేమైనా తప్పు రాశానా?"

హైమావతి అక్క ఫోను అందుకుని చూసింది. షాహీన్ నిన్నటి కథ కింద అక్క కామెంటు ఉంది. తన ఫోనులో అదే కథ తెరిచింది. కింద పదకొండు కామెంట్లున్నాయి, అక్కది లేదు. అలా రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు కూచుంది. ఐదు నెలలుగా అక్క ఎదురుగా కూచుని గోడతో మాట్లాడుతుంటే, ఆ గోడ కట్టించింది తనే.

"తప్పేం కాదక్కా. యంత్రంలో ఏదో ఉంది. చూద్దాం," అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకుంది.

పరిశోధన కేంద్రంలో జెర్మియా టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. ఆవిడ మొహం చూసి మూత పెట్టేశాడు.

"మా అక్క కామెంట్లు ఎందుకు పోతున్నాయో చూపించు."

తెరపికి 'కారణం' అని ఒక కిటికీ ఉంది. ఏ కామెంటుని ఎందుకు పక్కకి తీసిందో, ఏ పాత నిర్ణయాల వల్ల అలా నేర్చుకుందో చూపిస్తుంది. జెర్మియా నొక్కాడు. వరస దిగింది. కనకరత్నం అడిగిన అదే ప్రశ్న హైమావతి ముందుకి మొత్తం ఆరు వందల పన్నెండు సార్లు వచ్చింది. నాలుగు వందల ఎనిమిది సార్లు ఆవిడే తీసేసింది. ప్రతిదాని పక్కనా తేదీ, సమయం, ఆ క్షణాన పట్టీ చెప్పిన విసుగు, నూటికి ఎంత అన్నది.

ఫిబ్రవరి పద్నాలుగు, మధ్యాహ్నం ఒకటీ ఇరవై. హైమావతికి ఆ రోజు గుర్తుంది. బల్ల దగ్గర అక్క చారు అడగడానికి చెంచాతో కంచం మీద కొట్టింది. సరిగ్గా అప్పుడే అక్క కామెంటు కూడా తెర మీదకి వచ్చింది. ముందు కామెంటు తీసేసి, తరవాత చారు పోసింది.

"అజ్ఞాతల బూతులకి ఎంత ఉంది?" అని అడిగింది.

జెర్మియా చెప్పడానికి తటపటాయించాడు. "సగటున డెబ్బై ఒకటి మేడమ్."

"అక్క ప్రశ్నకి?"

"తొంభై నాలుగు."

హైమావతి కుర్చీ లాక్కుని కూచుంది. బూతులు పరాయివాళ్ళవి. చదువుతుంది, తీసేస్తుంది, చెయ్యి కడుక్కుంటుంది. మనిషి నిజంగా అలిసిపోయేది ఇంట్లో వాళ్ళతోనే అన్న సంగతి ఆవిడకి తెలుసు, లోకంలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. యంత్రానికి ఆ మొహమాటం లేదు. రోజూ అడిగేది, ప్రేమగా అడిగేది, జవాబు చెప్పకపోయినా కొంప మునగనిది ఏదైనా సరే లోకంలోకెల్లా విసుగైన మాట అని అది తేల్చుకుంది.

"చూద్దాం పెట్టెలో మొత్తం ఎన్నున్నాయి?"

"మూడు లక్షల పదివేలు."

"అందులో బూతులు?"

"నలభై వేల లోపే." జెర్మియా గొంతు తగ్గింది. అతను కూడా ఆ పెట్టె ఎప్పుడూ తెరవలేదని ఆవిడకి అర్థమైంది.

ఇద్దరూ తెరిచారు. ఒంట్లో ఎలా ఉంది అక్కా. పాప పరీక్షలు బాగా రాసిందా. భోంచేశారా. ఈ వారం టపా రాలేదేం, కులాసానా. పేజీ తరవాత పేజీ అవే. ఒక్కొక్కటీ విడిగా చూస్తే అందులో కొత్తేమీ లేదు. యంత్రం లెక్కలో తప్పు పట్టడానికి లేదు.

అక్క పేరు కొట్టి వెతికితే ఇంకోటి బయటపడింది. ఓబులేసు అనే ఆయన, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎప్పుడో ఏదో పథకంలో పొలంలో పెట్టి మర్చిపోయిన వానమాపకం ఆయన దగ్గర ఉంది. షాహీన్ కథల కింద వానక్కకి రోజూ మిల్లీమీటర్లతో సహా జవాబు చెప్పేవాడు. జూన్ ఒకటి నుంచి ఆయనకి అక్క ప్రశ్న కనిపించలేదు. అయినా చెప్పాడు. "అక్కా, మీరు అడగలేదు, ఐనా చెప్తున్నా. ఈ దినం సున్నా." మర్నాడు సున్నా. మూడో రోజు ఆరు. అవి కూడా చెప్పిందే చెప్పడంగా లెక్కకొచ్చి పెట్టెలోకి పోయాయి. మొత్తం నూట ముప్ఫై ఒకటి. ఆఖరుది అక్టోబరు తొమ్మిది.

"అక్కా, ఈ దినం రెండు మిల్లీమీటర్లు. చెనక్కాయ పీకేదానికి అది చాలదు. రేపు బెంగుళూర్లో నాకు గుండె ఆపరేషను. నాలుగు నెలలాయ మీరు పలకలేదు. నా మీద కోపమైతే ఏమీ లేదు, ఒంట్లో బాలేదేమోనని దిగులు. ఒక్క మాట రాస్తే నిమ్మళంగా పోయి వస్తా." కింద ఫోను నంబరు ఉంది.

తరవాత ఏమీ లేవు.

జెర్మియా కుర్చీ ఆవిడ వైపు తిప్పాడు.

"వాన ప్రశ్నని వదిలెయ్యమని దానికి చెప్దాం మేడమ్. ఒక్క పూట పని."

"భోంచేశారా అన్నదో?"

"అదీ చెప్దాం."

"ఎన్ని చెప్తావ్? అడిగేది ఒకటే ప్రశ్నయినా ఏ రోజు జవాబు ఆ రోజుదే కదా. అది దానికి ఎలా చెప్తావ్? నా విసుగు ఒక్కటే తీసెయ్యగలవా?"

"తీస్తే ఇంక మిగిలేదేం లేదు మేడమ్. దాంతోనే కదా చేసేం."

హైమావతి సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"నేను పెట్టను. ముందు పెట్టిన సంతకం కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పెట్టె మొత్తం విప్పి ఎవరివి వాళ్ళకి పంపించెయ్."

"మూడేళ్ళు మేడమ్," అన్నాడు జెర్మియా. అరవలేదు. అరిచే ఓపిక అతనికీ లేదు. బల్ల మీద అంటించిన షాహీన్ ఉత్తరం వైపు చూశాడు. "ఆ పిల్ల మాటేంటి? ఎల్లుండి నుంచి మళ్ళీ మొదలెడతారు వాళ్ళు. మీ అక్కగారికి ఒక న్యాయం, ఆ పిల్లకి ఒక న్యాయమా?"

హైమావతి కూడా ఆ ఉత్తరం వైపు చూసింది. "ఆ అమ్మాయివి నేను చదువుతాను. మునపట్లాగే కూచుని. రోజూ."

"ఎన్నాళ్ళు చదవగలరు?"

"తెలీదు. ఎవరైనా సాయం వస్తే బాగుణ్ణు."

జెర్మియా డబ్బా మూత మళ్ళీ తీశాడు. ఇడ్లీలు చల్లారిపోయాయి. ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని నముల్తూ, ఓబులేసు కామెంట్లు నూట ముప్ఫై ఒకటీ ప్రింటుకి పంపాడు.

సాయంత్రం హైమావతి ఆ కాగితాలు అక్క ఒళ్ళో పెట్టి, ఎదురుగా కూచుని ఉన్నదంతా చెప్పింది. పట్టీ సంగతి, పెట్టె సంగతి, నాలుగు వందల ఎనిమిది సంగతి. తొంభై నాలుగు సంగతి కూడా దాచలేదు. చెప్పాక ఏడవాలనిపించింది, చేతకాలేదు.

కనకరత్నం పలక అందుకుంది. రాయడానికి చాలాసేపు పట్టింది.

"తెలుసు. నీ మొహం చూస్తే తెలియదా."

చెరిపి, మళ్ళీ రాసింది.

"ఐనా మూడింట్లో ఒకటి ఉంచేదానివి."

ఉంచిన ఆ రెండు వందల నాలుగూ ఎందుకు ఉంచిందో హైమావతికి తెలుసు. తీసేశాక గుండెల్లో ఎక్కడో కలుక్కుమనేది. తరవాత వచ్చినదాన్ని పోనీలే పాపం అని వదిలేసేది. ఆ కలుక్కు పట్టీకి దొరకలేదు. అది విసుగు వచ్చే క్షణాన్ని పట్టుకుని అక్కడే ఆగిపోయింది, ఆ తరవాత మనిషికి ఏమవుతుందో చూడలేదు.

రాత్రి భోజనం వేళ దాకా కనకరత్నం ఖాళీ గడులు నింపుతూ కూచుంది. జూన్ ఒకటి, సున్నా. రెండు, సున్నా. మూడు, ఆరు. హైమావతి కాగితం చూసి పైకి చదువుతుంటే అక్క రాసింది. అక్టోబరు తొమ్మిది దగ్గర ఆఖరు కామెంటు మొత్తం చదివి వినిపించాక, కనకరత్నం గడిలో రెండు వేసి, కలం పక్కన పెట్టి పుస్తకం మూసేసింది.

మర్నాడు ఉదయం వంటింట్లో పాలు కాస్తుంటే అక్క వచ్చి భుజం తట్టింది. చేతిలో చెల్లెలి ఫోను, చంకలో పుస్తకం. ఓబులేసు నంబరు అప్పటికే నొక్కి ఉంది. గోడ గడియారంలో ఎనిమిదిన్నర. మెళ్ళో వేలాడుతున్న పలక మీద ఉన్నది రెండే మాటలు: "నువ్వు అడుగు."

హైమావతి పొయ్యి ఆర్పి ఫోను చెవికి ఆనించుకుంది. అవతల చాలాసేపు మోగాక ఒక ఆడగొంతు పలికింది.

"ఎవురు మాట్లాడేది?"

"విశాఖపట్నం నుంచండి. ఓబులేసు గారు ఉన్నారా?"

"నాయన లేడమ్మా. పోయి ఇరవై రెండు దినాలాయ. ఆపరేషను బాగనే అయిందనిరి. ఐదో దినం పాయ. మీరెవురు?"

ఇలాంటప్పుడు అనవలసిన మాటలు లోకంలో చాలా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా సంతాపాల టపాల కింద అవే చదువుతోంది. అక్క వంటగట్టు మీద పుస్తకం తెరిచి, కలం మూత తీసి చూస్తోంది. ఆవిడ మొహాన్ని బట్టి చూస్తే సంగతి ఆవిడకి అప్పటికే అర్థమైనట్టుంది. అయినా కలం దించలేదు.

"మీ వైపు వాన పడిందా అండీ?" అని అడిగింది హైమావతి.

అవతల ఎక్కడో మేక అరుస్తోంది.

"వానక్క తాలూకానా? ఆయమ్మకి మాట రాదని నాయన చెప్తుండె."

"నేను ఆవిడ చెల్లెల్ని. అక్క నా పక్కనే ఉంది. మీ నాయన రాసినవి ఆవిడకి అందలేదమ్మా. తప్పు నాది. ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది."

అవతలి మనిషి ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. "బెంగుళూరుకి పోతా పోతా చెప్పినాడు. గంగాదేవీ, దినామూ ఎనిమిదిన్నరకి డబ్బా చూడు, మానొద్దు, ఎప్పుడో ఒగప్పుడు అడుగుతారు అని. ఎవురూ అడగల్య. నేను ఊరికే క్యాలెండర్ మీద రాసిపెడతాండా. చెప్పమంటారా?"

"చెప్పండి."

"పది, సున్నా."

"అక్టోబరు పది, సున్నా," అంది హైమావతి అక్కతో. అక్క రాసింది.

"పదకొండు, సున్నా. పన్నెండు, నాలుగు. పదమూడు, ఒగటిన్నర. పద్నాలుగు, సున్నా."

ఒక్కొక్కటే హైమావతి పైకి పలికింది. ఒక్కొక్కటే అక్క ఎడమచెయ్యి గడిలో పెట్టింది. పలికేటప్పుడు గొంతులో విసుగు వస్తుందేమోనని హైమావతి భయపడింది. నీరసం ఉంది, అది ఎక్కడికీ పోలేదు. కానీ తరవాతి అంకె ఎంతో తెలుసుకోవాలని ఉంది.

అవతల గంగాదేవి ఆగిపోయింది.

"పదహైదు చూడలేదక్కా. ఆ దినం చూడలేదు."

"పదిహేను చూడలేదట," అంది హైమావతి.

కనకరత్నం పుస్తకం మీదకి వంగి, ఆ గడి ఖాళీగా వదిలేసి, కలం కింది గడిలోకి తెచ్చి చెల్లెలి వైపు చూసింది.

"పదహారు చెప్పమ్మా," అని అడిగింది హైమావతి.